మినహాయింపు నంబరు పదిహేడు

ఆరోగ్య బీమా పాలసీలో వెనకాల ఉండే చిన్నక్షరాల పేజీలు మామూలుగా ఎవరూ చదవరు. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేనివాళ్లకు మాత్రం అవి కంఠతా వస్తాయి.

ఏదైనా చికిత్సకు డబ్బు ఇవ్వనని చెప్పదలిస్తే కంపెనీలన్నీ ఒకే మాటల్లో చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపులకు నంబర్లు వేసింది. 17 మాది. ఐవీఎఫ్, ఇక్సీ, సరొగసీ, అన్నీ బయటే. అక్కడితో ఆగితే మా ఖర్మ అనుకునేదాన్ని. పిల్లలు వద్దని ఆపరేషన్ చేయించుకున్నా రాదు, మనసు మారి దాన్ని తిరగదోడించుకున్నా రాదు. అదీ 17 కిందే. పోనీ దేవుడు చల్లగా చూసి కడుపు పండితే? 18 కాచుకుని ఉంటుంది: కాన్పు ఖర్చులు, సిజేరియన్‌తో సహా, చెల్లవు. కావాలన్నా, వద్దన్నా, కన్నా ఒకటే జవాబు. ఇంత సమదృష్టి మా అత్తగారిలో కూడా చూడలేదు. ఢిల్లీలో కూర్చుని రాశారేమో అని తిట్టుకుంటుంటే, ఆ ఆఫీసు మన నానక్‌రామ్‌గూడలోనే ఉందన్నారు మా ఆయన.

"ఇచ్చే పాలసీలూ ఉన్నాయమ్మా" అన్నారు పక్క వాటా బాబాయిగారు. రైల్ నిలయంలో రిటైరయ్యాక ఏజెన్సీ తీసుకున్నారు. "కాకపోతే వెయిటింగ్ పీరియడ్. రెండేళ్లో మూడేళ్లో."

"డాక్టరమ్మ ఏఎంహెచ్ రిపోర్టు చూసి, అండాలు తగ్గిపోతున్నాయి, ఆలస్యం చేయొద్దంది బాబాయిగారూ."

"వెయిటింగ్ లిస్టే కదమ్మా, కన్ఫర్మ్ అవుతుంది."

"అయ్యేసరికి బండి వెళ్లిపోతుంది."

రైలు భాషలో చెబితే గానీ ఆయనకు ఎక్కదు. అప్పుడు గొంతు తగ్గించి, ఐవీఎఫ్‌కి ఇంతకు మించి ఇవ్వరనే సబ్-లిమిట్ సంగతి కూడా చెప్పారు. ఆ లిమిట్ చూశాక, మూడేళ్లు ఎదురుచూసేది దీనికా అనిపించింది.

కొన్ని ఐటీ కంపెనీల గ్రూప్ పాలసీల్లో ఐవీఎఫ్‌కి కొంత ఇస్తారట. అందుకే ఇప్పుడు మా ఆయన ఇంటర్వ్యూకి వెళ్తుంటే జీతం సంగతి నేను అడగను.

ఇంకో చిత్రం ఉంది. 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం, అండం దానం చేసే మహిళకు దాన్ని తీసుకునే దంపతులే ఏడాదిపాటు బీమా చేయించాలి. సరొగేట్ తల్లికైతే సరొగసీ చట్టం కింద 36 నెలలు. న్యాయమే, సూదులు పొడిపించుకునేది వాళ్లు. కానీ ప్రీమియం కట్టేదీ మేమే, కవరేజీ లేనిదీ మేమే.

ఈ గొడవలో పడి, ఇంటి పక్కనున్నది మర్చిపోయామంది మా ఆడపడుచు. మాది పద్మారావునగర్. గాంధీ ఆస్పత్రిలో ప్రభుత్వం 2023లో ఉచిత ఐవీఎఫ్ కేంద్రం తెరిచింది. బాబాయిగారికి చెప్పాను.

"క్యాష్‌లెస్సా?"

"క్యాషే లేదు బాబాయిగారూ."

ఆయన కాసేపు ఆలోచించి అడిగారు: "మరి ప్రీమియం ఎంత?"