మూడు గీతల చాటున

ఆ పచ్చ త్రికోణం ఎవరికేం అపకారం చేసిందో నాకింకా అంతుబట్టలేదు. మొన్నటిదాకా నేను కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో స్క్రీన్ పైభాగాన కుదురుగా, ఒక మాదిరి లావుగా ఉండేది. నొక్కితే ప్రోగ్రాం నడిచేది. అప్‌డేట్ వచ్చింది. త్రికోణం చిక్కిపోయింది, పాలిపోయింది, ఓ మూలకి జరిగి నాలుగు బూడిదరంగు బొమ్మల మధ్య తలదాచుకుంది. వాటిలో ఒకటి డీబగ్, ఒకటి స్టాప్. తక్కినవేమిటో నొక్కితేగాని తెలీదు. రిలీజ్ ముందు అలాంటి ప్రయోగాలు చేసేంత ధైర్యం నాకు లేదు.

"చిందరవందర లేని సరికొత్త రూపం" అని తెరవగానే ఓ ప్రకటన. నిజమే, చిందరవందర లేదు. దాంతోపాటు పనిముట్లూ లేవు. ఫైల్, ఎడిట్, వ్యూ అంటూ వరసగా ఉండే మెనూ మొత్తం మూడు అడ్డగీతల చాటుకి వెళ్లిపోయింది. ఈ గీతలు కొత్తవేం కావు. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ అనే డిజైనర్ గీశాడు. ఇక్కడో జాబితా ఉందని చెప్పడానికి జాబితాలాగే కనిపించే బొమ్మ. ఆయన్నేమీ అనను. ఫోన్‌లో చోటు చాలదు గనక అక్కడ ఈ గీతలు ఉండటమూ సబబే. కానీ నా బల్ల మీదున్నది 27 అంగుళాల మానిటర్. అందులో సగం ఇప్పుడు ఏమీ లేకుండా తెల్లగా మెరుస్తోంది.

పక్క సీటు కుర్రాణ్ణి అడిగితే తల కూడా తిప్పలేదు. "మెనూ ఎందుకన్నా? షార్ట్‌కట్ కొట్టి, కావాల్సిందాని పేరు టైప్ చెయ్. అదే వస్తది." పేరు గుర్తుంటే నిన్నెందుకు అడుగుతాను నాయనా? మెనూ పుట్టిందే పేరు గుర్తులేనివాళ్ల కోసం.

ఇలాంటి ముచ్చట్లు పెద్దింటివాళ్లకీ తప్పలేదు. 2012 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ కోడ్ రాసుకునే తన విజువల్ స్టూడియో కొత్త బీటాలో రంగులు దాదాపు అన్నీ కడిగేసి, బొమ్మల్ని బూడిదలో ముంచింది. వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. పోనీలే అని కొన్ని రంగులు తిరిగి అద్దారు. అద్దిన చేత్తోనే మెనూ పేర్లన్నిటినీ పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చేశారు. ఇంగ్లిష్‌వాళ్ల లెక్కలో అది కేకలేయడం. మన లిపికి చిన్న బడీ పెద్ద బడీ లేవు గనక తెలుగువాడికి ఆ పాపం చేసే వీలే లేదు. ఆ కేకలు వద్దనుకున్నవాడు విండోస్ రిజిస్ట్రీలోకి దిగి ఓ విలువ మార్చుకోవాల్సి వచ్చింది.

రంగుల మాట వచ్చింది గనక టర్బో సి ఊసెత్తకుండా ముందుకు పోలేను. సంపాదకులు మన్నించాలి. సి భాషలో ప్రోగ్రాంలు రాయడానికి బోర్లాండ్ కంపెనీ 1987లో మొదలుపెట్టిన ఈ సరుకుని మన ఇంజనీరింగ్ కాలేజీలు గుండెకు హత్తుకున్నాయి. చిక్కటి నీలం తెర, దాని మీద పసుపు అక్షరాలు. ఆ రెండు రంగుల్నీ అలా కలిపి చీర నేస్తే కొనే నాథుడుండడు. అయినా ఎఫ్2 నొక్కితే సేవ్, కంట్రోల్ ఎఫ్9 నొక్కితే రన్, ఆల్ట్ ఎఫ్5 నొక్కితే జవాబు. ల్యాబ్‌లో మౌసు కింద బంతి ఎవరో ఒకరు పట్టుకుపోయేవారు. అయినా ఎవరి పనీ ఆగేది కాదు. ప్రోగ్రాం మొదట్లో తెర తుడవడం, చివర్లో గెట్‌చ్ రాయడం మాకు శౌచాచారాల్లో భాగం. గెట్‌చ్ మర్చిపోతే జవాబు మెరుపులా మాయమయ్యేది, ల్యాబ్ సార్ మాత్రం మాయమయ్యేవారు కాదు.

64 బిట్ల విండోస్ వచ్చాక టర్బో సి దాని మీద నడవనని మొరాయించింది. మనవాళ్లు వదిలారా? డాస్‌బాక్స్ అని పాతకాలపు కంప్యూటర్‌లా నటించే మరో ప్రోగ్రాం పెట్టి, అందులో దాన్ని నడిపించారు. ఇంతటి ప్రేమ దేనికంటే, రికార్డు పుస్తకాలు అలాగే రాసి ఉన్నాయి, వైవా ప్రశ్నలూ అవే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ నోట్సుతో ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లం మేం. "ఎడమ నుంచి మూడో బొమ్మ నొక్కుము" అని అందులో ఉంటే, ప్రపంచం తలకిందులైనా అది ఎడమ నుంచి మూడోదే కావాలి. డిజైనర్ ఓ బొమ్మని పక్కకి జరిపితే ఎన్ని కట్టల నోట్సు చిత్తుకాగితాలవుతాయో ఆయనకేం తెలుసు?

ఇంతకీ ఎక్కడున్నాం? అక్షరాల దగ్గర. కొత్త రూపంలో అక్షరాలు లేత బూడిద, వెనక మరింత లేత బూడిద. నాకు చత్వారం వచ్చింది, డిజైనర్‌కి రాలేదు. మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకీ కాంతి నిష్పత్తి కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు ఎప్పుడో చెప్పాయి. ఇక చిక్కిపోయి మూలకి జరిగిన ఆ త్రికోణం సంగతంటారా, గురి చిన్నదై దూరం పెరిగితే దాన్ని అందుకోవడానికి ఆలస్యమవుతుందని పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1954లోనే లెక్కగట్టి చూపించాడు. ఇవన్నీ డిజైనర్లు చదువుకున్నవే. కాకపోతే ఈ ముస్తాబంతా పెళ్లిచూపుల కోసం. మేం కాపురం చేస్తున్నవాళ్లం.

అన్నానుగానీ, కొత్త రూపం అందంగానే ఉంది. టీంలో కొత్తగా చేరిన అమ్మాయి తొలిరోజే బెదురు లేకుండా పని మొదలుపెట్టింది. మేం పాత రూపాన్ని తొలిసారి చూసినప్పుడు ఆ బటన్ల బారుకి భయపడ్డాం. ఆ భయం తీరేలోగా చేతికి ఒడుపు వచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో భాషలు మారాయి, ప్రాజెక్టులు మూతబడ్డాయి, నేను రాసిన కోడ్‌లో చాలాభాగం ఇవాళ ఎక్కడా నడవడం లేదు. నాకంటూ మిగిలింది చూడకుండా కదిలే ఈ వేళ్లే. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అవీ చెల్లవంటే, నా సీనియారిటీ హెచ్ఆర్ ఫైల్లో ఓ అంకె, అంతే.

దారి లేదా అంటే ఉంది. ఇంటెలిజె ఐడియా అనే కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసే జెట్‌బ్రెయిన్స్ 2022లో తన కొత్త రూపాన్ని ముందు కొద్దిమందికే చూపించింది, అందరికీ అదే మొదటి రూపం చేసింది మాత్రం 2024లో. ఖాళీ ఎక్కువైందన్నవాళ్లకి కాంపాక్ట్ మోడ్ ఇచ్చింది, పాతదే కావాలన్నవాళ్లకి పాత ముఖాన్ని ప్లగిన్‌గా ఉంచింది. అందరూ సంతోషించారని కాదు, కనీసం అడిగినవాడికి జవాబు దొరికింది.

కాబట్టి డిజైనర్ బాబుల్లారా, మీ సోకులకి మేం అడ్డురాం. గుండ్రటి అంచులు పెట్టుకోండి, నీడలు వేసుకోండి. అక్షరాలు మాత్రం కాస్త నల్లగా ఉంచండి. పాత రూపానికి తిరిగెళ్లే స్విచ్ ఒకటి పెట్టండి. దాన్ని ఆ మూడు గీతల చాటున మాత్రం పెట్టకండి.