రెండున్నర రూపాయల సిలబస్

మా పక్క ఫ్లాటు కుర్రాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. బ్రాంచి కంప్యూటర్ సైన్స్ అని వేరే చెప్పాలా! శనివారం రాత్రి తొమ్మిదింటికి వచ్చి తలుపు కొట్టాడు. "అంకుల్, అర్జెంటుగా ఒక సమస్య కావాలి. మీ దగ్గరేమైనా ఉందా?" అన్నాడు.

ఉన్న సమస్యలు వదిలించుకోవడానికి గుళ్లూ దర్గాలూ తిరిగేవాళ్లను చూశాను గానీ, చక్కెర అడిగినట్టు సమస్య అడగడానికి వచ్చిన మనిషిని అరవై రెండేళ్లలో ఇదే చూడటం. కూర్చోబెట్టి నా దగ్గరున్న సరుకంతా చూపించాను. మోకాళ్ల నొప్పి, మూడు నెలలుగా కదలని పెన్షన్ కాగితం, పై ఫ్లాటు బాత్రూంలోంచి మా వంటింట్లోకి కారే నీళ్లు. ఒక్కటీ నచ్చలేదు. "ఇవి స్కేల్ కావంకుల్" అని పెదవి విరిచాడు.

సంగతేమంటే, ఈ సెమిస్టర్‌లో వాడికి ఆంత్రప్రెన్యూర్‌షిప్ అని ఒక సబ్జెక్టు. అందులో ఒక అసైన్‌మెంటు: సమాజంలో ఒక సమస్య వెతకాలి, దానికి ఎవరూ కనిపెట్టని పరిష్కారం కనిపెట్టాలి, ఐదుగురు కస్టమర్లతో మాట్లాడాలి, పన్నెండు స్లైడ్లు చేయాలి. సోమవారం తొమ్మిదిన్నరకి ఆవిష్కరణ. పదింబావుకి ల్యాబ్ ఉంది కాబట్టి ఆలస్యం కాకూడదు.

"ఈ సబ్జెక్టు ఎవరు చెబుతారురా?"

"మేడమ్ అంకుల్. ఆవిడది సివిల్ డిపార్ట్‌మెంటు. అక్కడ అడ్మిషన్లు తగ్గి క్లాసులు లేవని ఇది ఇచ్చారు."

"ఆవిడెప్పుడైనా వ్యాపారం చేశారా?"

"చీటీలు వేస్తారంట."

సరే, రిస్కు తెలిసిన మనిషే అనుకున్నాను.

ఇది వాళ్ల కాలేజీ ఒక్కదాని బాధ కాదు. కేంద్ర మానవ వనరుల శాఖ 2018లో కాలేజీ కాలేజీకీ ఇన్నోవేషన్ కౌన్సిల్ పెట్టించడం మొదలుపెట్టింది. ఆ మరుసటేడు విద్యార్థులకూ అధ్యాపకులకూ కలిపి జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం వచ్చింది. కాలేజీలకు గ్రేడు వేసే న్యాక్ వారి పత్రంలో 'ఇన్నోవేషన్ ఎకోసిస్టమ్' అని ఒక అంశం ఉంది. అక్కడ ఐదేళ్లలో ఎన్ని వర్క్‌షాపులు, సెమినార్లు జరిపారో లెక్క రాయాలి. ఏది లెక్కిస్తే అది పండుతుంది. వర్క్‌షాపులు విరగపండుతున్నాయి. ప్రతిదానికీ ఒక ఫ్లెక్సీ, ఒక బొకే, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథికి శాలువా, చివర్లో జియోట్యాగ్ ఫొటో. ఇన్నేళ్ల ఈ ఉద్యమంలో పైకొచ్చిన వ్యాపారి ఎవరంటే, ఆ శాలువాలు సప్లై చేసేవాడు.

మిగతా కథ మీకు తెలిసిందే. ఏ కాలేజీ ప్రాజెక్టు ఎక్స్‌పోకి వెళ్లినా స్మార్ట్ డస్ట్‌బిన్ ఎదురొస్తుంది. చెయ్యి చూపిస్తే మూత తెరుస్తుంది. ఒక ఆర్డుయినో బోర్డు, ఒక సెన్సారు, ఒక చిన్న మోటారు. విడిభాగాలైతే కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, అంత ఓపిక లేకపోతే రిపోర్టుతో సహా అమీర్‌పేటలో దొరుకుతుంది. ఎక్స్‌పో అయిపోయాక ఆ డబ్బాను ఏ డబ్బాలో పారేయాలన్నదొక్కటే ఆ రంగంలో ఇంకా తేలని ప్రశ్న.

"టీ-హబ్ చూశావా?" అని అడిగాను. 2015 నవంబర్‌లో గచ్చిబౌలిలో మొదలై, 2022లో రాయదుర్గంలో ఇంకా పెద్ద భవనంలోకి మారింది కదా, అక్కడైనా పిల్లలకు నాలుగు మాటలు చెవిన పడి ఉంటాయని నా ఆశ. "చూశామంకుల్. బస్సులో తీసుకెళ్లారు. బిల్డింగు ముందు ఫొటో దిగి వచ్చేశాం" అన్నాడు.

"అయితే పొద్దున్నే తయారుగా ఉండు. నీ సబ్జెక్టు ఇంకొక క్యాంపస్‌లో కూడా చెబుతారు. ఫీజు లేదు, అటెండెన్స్ లేదు. నాంపల్లి మెట్రోలో దిగాలి, అంతే."

ఆదివారం అబిడ్స్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దుకాణాలు షట్టర్లు దించుకుంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు దుకాణం తెరుస్తాయి. వారమంతా అద్దె కట్టేవాడు ఒకడు, అదే చోట వారానికొక రోజు అమ్ముకునేవాడు ఇంకొకడు. ఒకే జాగాను ఇద్దరు పంచుకునే ఈ ఏర్పాటుకు బెంగళూరులో ఇంగ్లీషు పేరు పెట్టి కోట్లు తెస్తున్నారు. ఇక్కడ దాన్ని ఆదివారం అంటారు.

కుర్రాడు ఒక కుప్పలోంచి పీటర్ థీల్ రాసిన 'జీరో టు వన్' లాగాడు. వాళ్ల మేడమ్ ఇచ్చిన రిఫరెన్సు పుస్తకాల్లో మొదటిదట. ఈ థీల్ గారు 2011 నుంచి ఒక ఫెలోషిప్ నడుపుతున్నారు. కాలేజీ మానేసి ఏదైనా మొదలుపెట్టిన కుర్రాళ్లకు మొదట్లో లక్ష డాలర్లు ఇచ్చేవారు. కాలేజీ మానేయమని డబ్బులిచ్చేవాడి పుస్తకాన్ని మనం కాలేజీలో పాఠంగా పెట్టి, దానికి డెబ్బై ఐదు శాతం హాజరు అడుగుతున్నాం. అంతకన్నా తమాషా ఏమిటంటే, ఆ పుస్తకమే ఒక క్లాసులోంచి పుట్టింది. 2012లో థీల్ స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెబుతుంటే ఒక విద్యార్థి నోట్సు రాసుకుని నెట్‌లో పెట్టాడు. లోకం ఎగబడి చదివింది, రెండేళ్లకు అది పుస్తకమైంది. నోట్సు మన దగ్గరా ఉన్నాయి. వాటివల్ల ఇప్పటిదాకా బాగుపడింది జిరాక్స్ సెంటరే.

మావాడు ఫోన్ తీసి, కస్టమర్ ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు.

"అన్నా, మీ పెయిన్ పాయింట్ ఏంటి?"

పుస్తకాలాయన కాసేపు ఆలోచించాడు. "వాన."

"దానికి సొల్యూషన్?"

"కవర్ కప్పుతం."

"ఇంకా ఇన్నోవేటివ్‌గా ఏమైనా…"

"పెద్ద కవర్."

"మరి లాసు వస్తే?"

"ఎందుకు రాదు బాబూ, వస్తది. పోయిన ఆదివారం రెండు కట్టలు తడిసినయ్. ఈ ఆదివారం మల్ల వచ్చిన."

కుర్రాడు స్లైడ్ల నమూనా పైకీ కిందికీ తిప్పాడు. సమస్య, పరిష్కారం, మార్కెట్ సైజు, పోటీదారులు, ఐదేళ్ల లాభాల అంచనా. తడిసిన రెండు కట్టల్ని ఎక్కించడానికి ఎక్కడా గడి లేదు. పుస్తకం ధర బేరమాడి నూట ఇరవైకి తెచ్చాడు గానీ ఇరవై తక్కువైంది. వచ్చే వారం ఇస్తానన్నాడు. ఆయన నవ్వి అడ్డంగా తలూపాడు. "ఉద్దెర ఇస్తే పైసలొక్కటే పోవు బాబూ, గిరాకీ పోతది. బాకీ ఉన్నోడు మల్ల ఈ గల్లీకి రాడు." ఇరవై నేనిచ్చాను. ఎంబీఏలో రెండేళ్లు చెప్పే క్రెడిట్ పాలసీ మొత్తానికి నాకు పడిన ఖర్చు అది.

అక్కణ్నుంచి చౌరస్తా వైపు నడుస్తూ ఆ పేటకు పేరిచ్చినవాడి కథ చెప్పాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిద్ అని ఒక ఆంతరంగిక సేవకుడు ఉండేవాడు. దొరగారి దుస్తుల వ్యవహారం ఆయన చేతిలో. తర్వాత ఇక్కడే దుకాణం పెట్టాడు, ఆ దుకాణం పేరే పేటకు మిగిలింది. దొరగారు ఒకసారి వాడి పక్కన పెట్టిన వస్తువులు ఆ దుకాణానికి చేరేవనీ, వాటిలో కొన్ని మళ్లీ దొరగారే కొనుక్కునేవారనీ పాతబస్తీ పెద్దలు నవ్వుతూ చెప్పుకునే కథ. నిజమెంతో ఆబిద్‌కే తెలియాలి.

"అంకుల్! ముడిసరుకు ఖర్చు సున్నా, కస్టమర్ ముందే తెలిసినవాడు. సర్క్యులర్ ఎకానమీ!" అని వాడు ఎగిరి గంతేశాడు. ఊళ్లో దానికి వేరే పేరుంది గానీ పిల్లాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లడమెందుకని ఊరుకున్నాను.

జి. పుల్లారెడ్డి స్వీట్స్ బోర్డు కనపడితే ఆగాం. 1948లో కర్నూలులో మొదలైన మిఠాయి కొట్టు అది. నెయ్యి విషయంలో రాజీపడకపోవడమే ఆయన బిజినెస్ మోడల్. ఆ మిఠాయిల డబ్బుతో 1980లలో కర్నూలులో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు, తర్వాత హైదరాబాద్‌లో ఆడపిల్లలకు నారాయణమ్మ కాలేజీ వచ్చింది. లడ్డూ అమ్మి ఇంజనీరింగ్ కాలేజీ పెట్టిన చరిత్ర మనది. అలాంటి ఊళ్లో ఇప్పుడు ఇంజనీరింగ్ చదివి లడ్డూ అమ్మడమెలాగో నేర్పడానికి అతిథి ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తున్నాం.

మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీలో ఫ్రూట్ బిస్కెట్లు తీసుకున్నాం. దేశ విభజనలో సింధు నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో పెట్టిన కొట్టు. పోగొట్టుకున్న ఊరి పేరే బోర్డు మీద రాయించుకున్నాడు. "బ్రాండింగ్ బాగుంది కదంకుల్" అన్నాడు కుర్రాడు. నేను బిస్కెట్టు నములుతున్నట్టు నటించాను.

అక్కడికి నాలుగడుగుల్లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. అది నుమాయిష్ కాలం కాదు కాబట్టి గేటు మూసి ఉంది. ఇక్కడే వాడికి అసలు పాఠం చెప్పాలనుకున్నాను.

1938లో ఉస్మానియాలో చదువుకున్న కొందరు పట్టభద్రులకు ఒక సందేహం వచ్చింది. మన సంస్థానం ఆర్థిక పరిస్థితి ఏమిటి, ఎవరి దగ్గర ఏముంది, ఏది తయారవుతోంది? సర్వే చేయిస్తే తెలుస్తుంది. సర్వేకి డబ్బు కావాలి. వాళ్ల దగ్గర అదే లేదు. అందుకని పబ్లిక్ గార్డెన్స్‌లో దేశీ వస్తువుల ప్రదర్శన పెట్టారు. నుమాయిష్ మస్నువాతే ముల్కీ అన్నారు. ఏడో నిజాం ప్రారంభించాడు. చేతిలో ఉన్న పెట్టుబడి రెండున్నర రూపాయలని చెబుతారు. 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. పోలీసు చర్య గొడవల్లో ఆగి, 1949లో రాజాజీ ప్రారంభిస్తే మళ్లీ లేచింది. 2019 జనవరి ఆఖర్లో మంటల్లో స్టాళ్లు బుగ్గయ్యాయి, కొద్ది రోజులకే జనం తిరిగి వచ్చారు. కోవిడ్‌కి ఆగింది, ఆ తర్వాతా లేచింది. ఏటా జనవరి ఒకటిన కశ్మీరు శాలువాల నుంచి ఖాదీ అప్పడాల దాకా ఇక్కడ దిగుతాయి. ఆ ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. కమలా నెహ్రూ పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఈ ప్రహరీ లోపలివే.

"చూశావా, సంతలోంచి కాలేజీలు పుట్టాయి" అన్నాను.

"వాళ్ల వాల్యుయేషన్ ఎంతంకుల్?"

"రెండున్నర."

"కోట్లా?"

"రూపాయలు."

వాడు జాలిగా చూశాడు. నేను పట్టు వదల్లేదు. వీళ్లేమీ చదువు మానేసినవాళ్లు కారు నాయనా, నీలాగే యూనివర్సిటీలో పాఠాలు విన్నవాళ్లు. చదువు అక్కరకు రాదని నేననను. లెక్క రాయడం, ఒప్పందం చదవడం, పేటెంటు అడగడం, జీఎస్టీ కట్టడం క్లాసులో నేర్పొచ్చు, నేర్పాలి కూడా. కానీ వాళ్లకు ముందు తెలుసుకోవాలన్న దురద పుట్టింది, తర్వాత డబ్బు అవసరం పడింది, సంత ఆఖర్న వచ్చింది. నువ్వు ఆఖర్నుంచి మొదలుపెట్టావు. స్లైడ్లు ముందే ఉన్నాయి, సమస్య కోసం శనివారం రాత్రి అపార్ట్‌మెంటులో తలుపులు కొడుతున్నావు.

ఈ ఉపన్యాసమంతా ముగించి వెనక్కి తిరిగి చూస్తే శ్రోత లేడు. గేటు ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నాడు. పుస్తకాల దగ్గర, చౌరస్తాలో, మిఠాయి కొట్టు ముందు, బేకరీ మెట్ల మీద కూడా తీశాడట. అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం అన్నీ కింద పడేట్టు. "ఇండస్ట్రియల్ విజిట్ కింద వస్తుందంకుల్" అన్నాడు సంతోషంగా. నా ఆదివారం, నా ఇరవై రూపాయలు, నా మోకాళ్లు కృష్ణార్పణం అనుకుని మెట్రో ఎక్కాను.

బుధవారం సాయంత్రం స్వీట్ డబ్బాతో వచ్చాడు.

"ఏ సమస్య దొరికిందిరా?"

"దొరికిందంకుల్. మా సెక్షన్‌లో అరవై మూడు మందికీ ఇండస్ట్రియల్ విజిట్ ఫొటోలు లేవు."

"అయితే?"

"నేను పక్కకు తప్పుకుని తీసినవి చాలా ఉన్నాయి కదా. ఫొటో ఒక్కింటికి ముప్పై, రిపోర్టుతో కలిపి ఎనభై. నలభై ఒక్క మంది కొన్నారు. ఖర్చు సున్నా. మనిషి లేని ఫొటోకి డిమాండ్ ఎక్కువంకుల్."

నాకు ఆబిద్ గుర్తొచ్చాడు. తిట్టాలో మెచ్చుకోవాలో తేలక, "మీ మేడమ్‌కి తెలిస్తే?" అన్నాను.

"ఆవిడా తీసుకున్నారు. న్యాక్ ఫైలుకి ఐదు తక్కువయ్యాయంట."

"డబ్బులిచ్చిందా?"

"లేదంకుల్. ఉద్దెర."

"ఆ పుస్తకాలాయన చెప్పింది అప్పుడే మరిచావా? బాకీ ఉన్నోడు మళ్లీ ఈ గల్లీకి రాడురా!"

"మేడమ్ రాకపోతే కదా," అన్నాడు డబ్బా మూత తీస్తూ, "ఇంటర్నల్ మార్కులు వేసేది ఆవిడేగా."