ధర్మఖాతా

దక్షిణ వియత్నాంలో సాయంత్రం నాలుగుంపావు అయిందంటే అందరి చూపూ లాటరీ ఫలితాల మీదే. రోజుకు మూడు నాలుగు ప్రావిన్సుల ప్రభుత్వ లాటరీలు ఆ వేళకే తీస్తారు. టికెట్టు 10,000 డాంగ్‌లు, అంటే మన డబ్బుల్లో సుమారు ముప్పై అయిదు రూపాయలు. ఆరంకెలూ కలిస్తే 200 కోట్ల డాంగ్‌లు. లాటరీ మీద వచ్చే రాబడితో సర్కారు బళ్ళూ ఆసుపత్రులూ కడుతుంది. టికెట్లను ఎండలో తిరిగి అమ్మేది మాత్రం ఎక్కువగా ముసలివాళ్ళు, వికలాంగులు. టికెట్టుకు వాళ్ళకు మిగిలేది వెయ్యి డాంగ్‌ల పైచిలుకు. అమ్ముడుపోనివి డ్రాకు ముందే, గడువులోపల ఏజెంటుకు తిప్పి ఇచ్చెయ్యాలి. గడువు దాటితే ఆ నష్టం అమ్మేవాళ్ళదే.

ఒక బుధవారం, కాన్ థో లాటరీ తీసే రోజు, ఆ ఊళ్ళోనే నది ఒడ్డున ఉన్న కాఫీ కొట్టులోకి ఓ అవ్వ తడుస్తూ వచ్చింది. వాన వదలక ఏజెంటు దగ్గరికి వెళ్ళలేకపోయింది. గడువు దాటిపోయింది. ప్లాస్టిక్ సంచిలో ఇరవై టికెట్లు మిగిలాయి. నీళ్ళు తగలకుండా వాటిని రొమ్ముకు అదుముకుంది.

కొట్టులో మధ్యాహ్నం బ్యాచి కూర్చుని ఉంది. గ్లాసు మీద రేకు ఫిల్టరు, కింద తీపి పాలు, అందులోకి చుక్క చుక్కగా దిగుతున్న కాఫీ. రాత్రి కలలోకి కుక్క వచ్చిందని ఒకాయన అంటే, అయితే 11 గానీ 51 గానీ 91 గానీ కట్టమని ఇంకొకాయన సలహా. ప్రభుత్వ లాటరీ చివరి రెండంకెల మీద దొంగచాటుగా కాసే పందెం అది. తగిలితే ఒకటికి డెబ్బై.

ఆ బల్ల దగ్గరే సిమెంటు, ఇనుము వ్యాపారం చేసే ఓ పెద్దమనిషి ఉన్నాడు. అవ్వ సంగతి విని ఆయన గుండె కరిగింది.

"ఇరవయ్యీ నేనే కొంటున్నాను అవ్వా. ఇదిగో రెండు లక్షలు."

అవ్వ టికెట్లు లెక్కపెట్టి చేతికివ్వబోయింది.

"నాకెందుకవి? నువ్వే ఉంచుకో. నీ అదృష్టం ఎలా ఉందో!"

అంటూనే ఫోను పక్కవాడి చేతికిచ్చాడు. అవ్వను పక్కన నిలబెట్టుకుని, టికెట్లు విసనకర్రలా పట్టుకోమన్నాడు. "కాస్త పైకెత్తు అవ్వా, కనబడాలి." ఫొటో ఆ నిమిషమే ఫేస్‌బుక్‌లోకి ఎక్కింది. 'ఉన్నదాంట్లో కొంత లేనివాళ్ళకు' అని పైన రాశాడు. అవ్వ దణ్ణం పెట్టి, వాన తెరిపివ్వగానే వెళ్ళిపోయింది.

సాయంత్రం ఫలితాలు వచ్చాయి. ఫొటో కింద ఎవరో రాశారు: "అన్నా, మొదటి టికెట్టు నెంబరు ఒకసారి చూసుకో." పెద్దమనిషి ఫొటోను పెద్దది చేసి చూశాడు. ఆరంకెలూ కలిశాయి. అన్నిటికన్నా పెద్ద బహుమతి!

ఆ రాత్రి ఆయన కంటి మీద కునుకు లేదు.

మర్నాడు అవ్వ ఎప్పటిలాగే కొత్త టికెట్ల కట్టతో వచ్చింది. పెద్దమనిషి అప్పటికే కాచుకుని ఉన్నాడు.

"కూర్చో అవ్వా. కాఫీ తాగుతావా?" అని మొదలుపెట్టి, ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "చూడు, టికెట్టు నీ చేతిలోనే ఉంది. కొన్నది నా డబ్బుతో. సాక్ష్యానికి నలుగురున్నారు, ఫొటో ఉంది. నేనేమీ మొత్తం అడగడం లేదు. ధర్మంగా సగం ఇస్తే చాలు."

"న్యాయమే," అన్నాడు కుక్క కల వచ్చినాయన. "పన్ను పోగా సగం."

అవ్వ ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదా నాయనా! ఇక్కణ్ణుంచి వెళ్తూ రేవు దగ్గర పడవ కుర్రాడికి అమ్మేశాను. డ్రాకు ఇంకా రెండు గంటలుంది కదా అని తిరిగితే పన్నెండు పోయాయి."

"అమ్మేశావా? నిన్ను ఉంచుకోమని కదా ఇచ్చింది!"

"నేను టికెట్లు అమ్మేదాన్ని నాయనా. ఉంచుకునే స్తోమత ఎక్కడిది?"

కొట్టులో ఎవరూ మాట్లాడలేదు. అవ్వ నడుముకున్న సంచి విప్పింది. నలిగిన నోట్లలోంచి ఒకటి ఏరి, చేత్తో సాపు చేసి, ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఆ టికెట్టు మీద నాకు వచ్చింది పదివేలు. నువ్వన్నట్టే ధర్మంగా సగం. ఇదిగో ఐదువేలు."

ఆయన చుట్టూ ఒకసారి చూసి, నోటు తీసి జేబులో పెట్టుకున్నాడు.