నా తలుపులు కిందికే తెరుచుకుంటాయి

నేను రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉరికంబాన్ని. పైన దూలం, కింద రెండు రెక్కల తలుపు, పక్కన మీట. ఇంతే నా ఒళ్లు. ఏ తలుపైనా మనిషి లోపలికి రావడానికో బయటికి పోవడానికో తెరుస్తారు. నా తలుపులు మాత్రం కిందికే తెరుచుకుంటాయి.

ఒకప్పుడు మా వాళ్లు నడిబజారులో నిలబడేవారు. ఉరి చూస్తే జనం భయపడి బుద్ధిగా ఉంటారని దొరల నమ్మకం. ఇంగ్లండులో ఉరి చూడవచ్చిన గుంపులోనే దొంగలు జేబులు కొట్టేవారు. 1868లో అక్కడ ఉరిని జైలు గోడల వెనక్కి మార్చారు. తర్వాత నాలుగేళ్లకు విలియం మార్వుడ్ అనే తలారి, మనిషి బరువును బట్టి తాడు వదిలే లెక్క తెచ్చాడు. మనిషి తేలికైతే తాడు ఎక్కువ వదలాలి. అలా నొప్పి తగ్గించే లెక్క దొరికింది. తీర్పు తప్పయితే ప్రాణం తిరిగి తెచ్చే లెక్క మాత్రం ఈనాటికీ దొరకలేదు.

మన దేశంలో 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అరుదైన వాటిలోకెల్లా అరుదైన నేరాలకే ఉరి అంది. ఆ ధర్మాసనంలో జస్టిస్ భగవతి ఒక్కరే ఒప్పుకోలేదు. ఉరి ఎక్కువగా పేదవాళ్ల మెడకే పడుతుందన్నారు. ఆ మాట ఎంత నిజమో నాకు తెలుసు.

నేను చివరిసారి బరువు మోసింది 1976లో. మళ్లీ 1997లో నన్ను సిద్ధం చేయాల్సి వచ్చింది. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దోచుకోబోయి పెట్రోలు పోసి తగలబెట్టిన కేసులో ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. ఆ మంటల్లో 23 మంది కాలిపోయారు. వాళ్ల కుటుంబాల కడుపుకోతకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఇంకో ఇద్దరు తల్లుల కడుపుకోత దానికి జవాబు అవుతుందా? ఉరికి తేదీ పెట్టాక చివరి గడియల్లో సుప్రీంకోర్టు ఆపింది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి, హక్కుల సంఘాలవాళ్లు ఆ ఇద్దరి ప్రాణాల కోసం ఢిల్లీ దాకా వెళ్లారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. నా మీట కదలలేదు. శిక్ష మాత్రం ఆగలేదు, జైలు గోడల మధ్య నడిచింది. శిక్షించడానికి చంపనక్కర్లేదని నాకు అప్పుడు అర్థమైంది.

హైదరాబాద్ ముషీరాబాద్ జైలులో నా తోబుట్టువు ఉండేది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబరు 1న, నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను అక్కడే ఉరి తీశారు. ఇప్పుడా జైలు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. ఒకనాడు తెల్లవారకముందే ప్రాణం తీసిన నేల మీద ఇవాళ డాక్టర్లు రాత్రంతా మేల్కొని ప్రాణం నిలబెడుతున్నారు.

నేను నిలబడ్డ నేలకూ ఆ పుణ్యం దక్కాలి. అంతకుమించి నాకు కోరిక లేదు.