జాగా మీరే చూసుకోండి

2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి కేబీ5034441 అనే భద్రతా అప్‌డేట్ పంపింది. విండోస్ పాడైతే బాగుచేసే సాధనాలుండే డిస్కు భాగంలో, అంటే రికవరీ పార్టిషన్‌లో, 250 ఎంబీ ఖాళీ ఉంటేనే అది ఎక్కుతుంది. లేకపోతే జాగా చాల్లేదని చెప్పాలి కదా? చెప్పలేదు, 0ఎక్స్80070643 అని అంకెలు ముఖాన కొట్టింది. అసలు చూపాల్సిన సందేశం అది కాదని కంపెనీయే ఒప్పుకుంది. ఆ నిజాయతీకో నమస్కారం. పరిష్కారం మాత్రం వాడేవాళ్ల నెత్తిన పెట్టింది: కమాండ్ ప్రాంప్ట్ తెరవండి, డిస్క్‌పార్ట్‌తో సీ డ్రైవ్‌ను కుదించండి, పాత రికవరీ పార్టిషన్ తుడిచేసి కొత్తది చేసుకోండి! అద్దెకున్నవాడి చేతికి పలుగిచ్చి గోడ జరుపుకోమన్నట్టుంది.

పార్టిషన్ సాఫ్ట్‌వేర్లతో డిస్కును కెలికినవాళ్లదే తప్పని కొందరి వాదన. కొన్నిచోట్ల నిజమే కావచ్చు. కానీ వాటి జోలికే పోనివాళ్లకూ ఇదే ఎర్రర్ వచ్చింది. వాళ్ల డిస్కును ముక్కలు చేసింది విండోస్ ఇన్‌స్టాలరో, కంప్యూటర్ తయారీదారో. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రక్షణను దాటేసే లోపాన్ని మూయడానికే ఈ అప్‌డేట్‌కు తొందర అంటారా? ఆ లోపాన్ని వాడుకోవాలంటే కంప్యూటర్ దొంగ చేతికి చిక్కాలి. డిస్క్‌పార్ట్‌లో ఒక్క అంకె తప్పితే దొంగ అక్కర్లేకుండానే ఫైళ్లు పోతాయి. కొన్ని నెలలు ఆగాక కంపెనీ తేల్చిందేమిటంటే, దీనికి ఆటోమేటిక్ పరిష్కారం రాదట.