పీజీ_అట్రిబ్యూట్ కథ

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసు లోపల కూర్చున్న పీజీ_అట్రిబ్యూట్ అనే పట్టిక కథ ఇది. డేటాబేసులో ఏ పట్టిక పుట్టినా, దాని ఒక్కో కాలమ్‌కు ఇక్కడ ఒక్కో వరుస పడుతుంది. ఊరి పొలాలన్నీ అడంగల్‌కి ఎక్కినట్టే. ఈ పట్టిక సొంత కాలమ్‌లు కూడా ఇందులోనే నమోదై ఉంటాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పుట్టిల్లు బర్క్‌లీ. అక్కడ మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం 1986లో దీనికి మూలమైన పోస్ట్‌గ్రెస్ పని మొదలుపెట్టింది.

అంతకు ఏడాది ముందే, రిలేషనల్ డేటాబేసులకు రూపమిచ్చిన ఎడ్గర్ కాడ్ ఒక నియమం రాశారు: డేటాబేసు నిర్మాణ వివరాలు కూడా పట్టికల్లోనే ఉండాలి, అనుమతి ఉన్నవాళ్లు వాటిని మామూలు క్వెరీతోనే చదవగలగాలి. పీజీ_అట్రిబ్యూట్ విషయంలో ఆ అనుమతి అందరికీ ఉంది. లాగిన్ అయితే చాలు.

ఒక ఆస్పత్రిలో రిపోర్టులు తీసే ఉద్యోగికి రోగుల పట్టిక చూసే హక్కు ఇవ్వలేదనుకోండి. సెలెక్ట్ కొడితే అనుమతి లేదనే జవాబు వస్తుంది. అదే మనిషి పీజీ_అట్రిబ్యూట్‌ను అడిగితే 'హెచ్‌ఐవీ_ఫలితం' అనే కాలమ్ ఉందని తెలిసిపోతుంది. రోగి పేరు ఒక్కటీ బయటికి రాలేదు, నిజమే. కానీ అక్కడ ఏం రాసిపెడుతున్నారో తెలిసింది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌తో చొరబడేవాళ్లు వెతికేవాటిలో ఈ పేర్లూ ఉంటాయి.

పక్కనే ఉన్న పీజీ_ఆథ్‌ఐడీలో పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఉంటాయి కాబట్టి దానికి తాళం వేశారు. ఇన్ఫర్మేషన్_స్కీమా వ్యూలు కూడా హక్కున్న కాలమ్‌లనే చూపిస్తాయి. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే 2005 వెర్షన్ నుంచి నిర్మాణ వివరాలకూ అనుమతి అడుగుతోంది.

మరి పీజీ_అట్రిబ్యూట్ మీద పబ్లిక్‌కున్న సెలెక్ట్ హక్కును రివోక్ చేస్తే? సూపర్‌యూజర్ చేయగలడు. అప్పుడు మామూలు వాడుకదారులకు పీఎస్‌క్యూఎల్‌లో పట్టిక వివరాలు చూపే \డీ పనిచేయదు, ఈ పట్టికను చదివే ఎన్నో టూల్స్ ఆగిపోతాయి. అంత నష్టపోయినా రహస్యం పూర్తిగా దాగదు. స్కీమా వాడుకునే హక్కున్నవాడు పట్టికలో లేని కాలమ్ పేరు అడిగితే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అలాంటి కాలమ్ లేదంటుంది, ఉన్న పేరు అడిగితే అనుమతి లేదంటుంది. ఆ తేడా పట్టుకుని ఒక్కో పేరూ ఊహించి తేల్చుకోవచ్చు.

పీజీ_అట్రిబ్యూట్ ప్రతి డేటాబేసుకూ విడిగా ఉంటుంది. అసలు దారి అక్కడుంది. ఒకే సర్వర్ వాడే ఖాతాదారుల్లో ఒకరి పట్టికల నిర్మాణం ఇంకొకరి కంట పడకూడదంటే ఒక్కో ఖాతాదారుకు ఒక్కో డేటాబేసు ఇవ్వండి, పబ్లిక్‌కు మొదటి నుంచీ ఉన్న కనెక్ట్ హక్కు తీసేయండి. డేటాబేసుల పేర్లు మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. వాటికి ఖాతాదారుల పేర్లు పెట్టకండి.