పడమటి కిటికీ పరదా

మాది గొప్ప వంశం. ఈ ఇంట్లో ఆ మాట చెప్పేవాళ్లు లేరు కనుక నేనే చెప్పుకుంటున్నాను. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవులో ఓడలెక్కిన అద్దకం బట్టలు మా పెద్దలు. యూరప్ దొరల ఇళ్లల్లో మంచాల చుట్టూ తెరలయ్యారు, కిటికీలకు వేలాడారు. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే సర్కారు ఉద్యోగి 1663లో భార్య చదువుకునే గది గోడలకు వేయించడానికి మన దేశపు అద్దకం బట్ట కొని, చాలా బాగుందని డైరీలో రాసుకున్నాడు. అక్కడి నేతగాళ్లు మా పోటీకి తట్టుకోలేక గొడవ చేశారు. 1686లో ఫ్రాన్సు మమ్మల్ని నిషేధించింది. 1721లో ఇంగ్లండు ఇంకాస్త ముందుకెళ్లి, అద్దకం నూలుబట్టను ఒంటికి కట్టుకున్నా ఇంటికి కట్టుకున్నా తప్పేనని చట్టం చేసింది. రాజ్యాలు భయపడి తలుపులేసుకున్న జాతి మాది. చోడవరంలో నన్ను ఫ్రిజ్ మీద కప్పారు.

ఆ కథకు తర్వాత వస్తాను. నేను కలంకారీని, పుట్టింది కృష్ణా జిల్లా పెడనలో. కరక్కాయ రసంలో ముంచారు, టేకు అచ్చులతో కొట్టారు, పారే నీళ్లలో ఉతికారు, పటిక పట్టించి ఎరుపు ఎక్కించారు. అవన్నీ మీకెందుకు గానీ ఒక్క సంగతి వినండి. నా ఒంటి మీది నల్లగీత, తుప్పు పట్టిన ఇనపముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన రంగు. అందుకే చెరకు మీదా బెల్లం మీదా బతికే చోడవరం వచ్చినప్పుడు పరాయి ఊరనిపించలేదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు లోడుతో ట్రాక్టర్లు వెళ్తుంటే, పల్లెల్లో బెల్లం పెనాల పొగ సాయంత్రం గాలికి తేలి వస్తుంటే, చుట్టాలింటికి వచ్చినట్టే ఉండేది. అప్పటికి ఇది విశాఖ జిల్లా. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. ఇల్లు దాటకుండానే నేను జిల్లా మారాను.

నన్ను విశాఖపట్నం లేపాక్షి ఎంపోరియంలో కొన్నది పెద్దమ్మగారు. రిటైరైన మాస్టారి భార్య. అప్పటికి కొత్త డాబా గోడలు ఇంకా సిమెంటు రంగులోనే ఉన్నాయి. రంగులు వేయించకుండా ముందే పరదాలేంటని మాస్టారు విసుక్కుంటే ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "గుడ్డ మనకి కావలసిన రంగులో దొరకదండీ. రంగైతే గుడ్డకి తగ్గట్టు కలుపుతారు."

ఇంటి అలంకారం గురించి నేను విన్న మాటల్లో ఇంత తెలివైనది మరొకటి లేదు. అచ్చులు కొట్టేవాడు వేసిన నాలుగైదు రంగుల్లోనే గుడ్డను ఏరుకోవాలి. రంగుల షాపులో మిషను ముందు నిలబడితే వేల షేడ్లు. తక్కువ దొరికేదాన్ని ముందు ఎంచుకుని, ఎక్కువ దొరికేదాన్ని దానికి సరిపెట్టడమే సుళువు. ఆవిడ నా ముక్క ఒకటి కత్తిరించి షాపుకి పట్టుకెళ్లింది. నాలోని ఎరుపు చూపించలేదు, నీలం చూపించలేదు. పువ్వుల వెనకాల కరక్కాయ వల్ల వచ్చిన మీగడ రంగు ఉంది చూశారూ, అది చూపించి, "ఇది కలపండి బాబూ, ఇంకో పిసరు పలచగా" అంది. గుడ్డలో అన్నిటికన్నా నెమ్మదైన రంగు గోడకెళ్తే, గడుసు రంగులు గుడ్డ మీద వెలుగుతాయి. నేను రాణిలా ఉండేదాన్ని. హాల్లోకి వచ్చినవాళ్లు గోడ గురించి మాట్లాడేవారు కాదు. గోడ బాగా కుదిరిందనడానికి అదే గుర్తు.

ఆవిడ మీదా నాకు రెండు కోపాలున్నాయి. నన్ను నానబెట్టకుండా కుట్టించింది. కొత్త నూలుబట్ట మొదటి ఉతుక్కి కురచబడుతుంది. అలా నేను కిటికీ దిమ్మకు రెండంగుళాలు పైనే ఆగిపోయి, పొట్టి లాగూ తొడుక్కున్న కుర్రాడిలా వేలాడాను. పైగా రాడ్డుకి బదులు స్ప్రింగు తీగ. కిటికీ ఎంతుందో అంతే పొడుగు, నడుమ జారి పల్లం. రాడ్డు చౌకట్టుకి నాలుగంగుళాలు పైన బిగించి, అటూ ఇటూ జానెడు చొప్పున బయటికి తీసి, గుడ్డ వెడల్పు రెండింతలు తీసుకుని ఉంటే కిటికీ పెద్దదిగా కనపడేది. పక్కకి లాగినప్పుడు నేను గోడ మీదే కూర్చునేదాన్ని, వెలుతురుకి అడ్డం వచ్చేదాన్ని కాదు.

రెండో కోపం పెద్దది. లైనింగు వేయించలేదు. మాది పడమటి కిటికీ. మధ్యాహ్నం రెండు దాటిందంటే ఎండ ఏటవాలుగా లోపలికి దూరుతుంది, వేసవిలో అస్తమయం దాకా వదలదు. గోడ రంగు మీద ఎండ పడేది కాసేపే. పరదా ఎండకీ ఇంటికీ మధ్య నిలబడి పొద్దుగుంకేదాకా కాస్తుంది. సహజ రంగులు అంత ఎండకు ఓర్చవు. వెనకాల చవకరకం కోరాగుడ్డ ఒక పొర ఉంటే ఆ దెబ్బ అది తినేది. దర్జీ అడిగాడు కూడా. "అనవసరపు ఖర్చు" అన్నారు మాస్టారు. నా ఎరుపు కంచు రంగయింది, నీలం బూడిదైంది. ఇంట్లోవాళ్లు మాత్రం "ఈ కలంకారీలంతే, రంగు దిగిపోతాయి" అని నా పుట్టుక మీదకు తోశారు.

2014 అక్టోబరు 12. హుద్‌హుద్. ఆ రోజు తుఫాను గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే స్ప్రింగు తీగ తెగి నేను సోఫా మీద పడ్డాను. పడమటి గోడ బీటల్లోంచి నీళ్లు తాగింది. అది ఆరాలి, బీటలు పూడ్చాలి, ఆ తర్వాతే పుట్టీ. ఈ ఇంట్లో సంక్రాంతికి రంగులు పడాలని తొందర. చెమ్మ లోపలే ఉంచి మూత వేశారు. మరో వానాకాలానికి గోడ బుడగలు పొంగి, ఉప్పు తేలి, పెచ్చులూడింది. పాత సున్నపు గోడలైతే చెమ్మను బయటికి వదిలేవి. ఇప్పటి పెయింట్లు నిగనిగలాడతాయి గానీ ముక్కు మూసేస్తాయి.

ఈసారి రంగు ఎంచింది అబ్బాయి, ఫోనులో చూసి. ఒక గోడ హైలైట్ చేయాలట, ముదురు ఊదా. అది కూడా పడమటి ఎండ సోకే గోడకే. సాయంత్రపు పచ్చటి ఎండ ఊదా మీద పడితే ఏమవుతుందో ఎవరూ చూసుకోలేదు. బురద రంగయింది. రాత్రి తెల్లటి ఎల్ఈడీ కింద మళ్లీ ఊదా. పగలంతా ఆ గోడ వెలుతురు మింగేస్తుంటే మధ్యాహ్నమే లైటు వేసుకునేవారు. నేను దానికి నప్పలేదన్నారు. గోడ నాకు నప్పలేదని ఎవరూ అనలేదు.

నా చోట్లోకి మెరూన్ పాలిస్టర్ వచ్చింది, స్టీలు రింగులతో. నిజం చెప్పాలంటే ఎండకు ఓర్చుకోవడంలో అది నాకంటే మేలు. గాలే ఆడదు. నేను అటకెక్కాను. అక్కడ బొద్దింకలు, పాత పాఠ్యపుస్తకాలు, సంక్రాంతికి మాత్రం దిగే ఇత్తడి గంగాళం. నన్ను మూటకట్టినవాళ్లు ఉతికైనా కట్టలేదు. ఆ మురికితోనే పడున్నాను. పెద్దమ్మగారు కాలం చేసినప్పుడు కూడా ఎవరూ కిందికి దించలేదు. తర్వాతెప్పుడో కోడలికి ఫ్రిజ్ కవరు కావలసి నన్ను రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క ఫ్రిజ్ మీద ఉప్పు డబ్బా, కరెంటు బిల్లులు మోసింది. రెండోది మిక్సీ తుడిచే మసిగుడ్డయి, చింపుల్లో పోయింది. అది కూడా నేనే.

ఈ ఏడు మళ్లీ రంగులు. రంగుకేం కరువు? 2019 నుంచి మా అచ్యుతాపురం దగ్గర పూడిలోనే ఏషియన్ పెయింట్స్ ఫ్యాక్టరీ నడుస్తోంది. చూసుకునే ఓపికకే కరువు. టైల్స్ మీద చుక్కలు పడకుండా నన్ను నేల మీద పరిచారు. కోడలు ఫోను చూపించి "ఈ రంగెయ్యి" అంటే పెయింటరు ముసలాయన తలూపలేదు.

"ఫోన్లో సూసింది గోడ మీద అలాగుండదమ్మా. అట్ట మీద జానెడు ముక్కలో పలచగా కనపడతాది, గోడంతా ఏస్తే ముదురైపోద్ది. రెండడుగుల మేర ఏసి ఉంచుతాను. పొద్దున్నోపాలి, సాయంత్రమోపాలి, లైటేసోపాలి సూసుకొని సెప్పండి."

కోడలు సరేనంది. గొప్ప విషయమే.

ఆయన చెయ్యి తుడుచుకోబోయి నా అంచు పట్టుకున్నాడు. కుట్టు విడిపోయి లోపలి మడత బయటపడింది. ఎండ తెలియని ఆ నాలుగంగుళాల్లో నా ఎరుపు పెడన నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది, నల్లగీత కాటుకలా, మీగడ రంగు మీగడలాగే. ఆయన కాసేపు చూసి, "ఏటమ్మా, ఇంత మంచి గుడ్డని నేల మీద పరిసేసారు?" అన్నాడు. "పాతదిలే" అంది కోడలు. నా మీద ఇంకో బకెట్టు పెట్టారు.

నన్ను నేల మీంచి తీయమని అడగను, ఆ వయసు దాటింది. మీ ఇంటికి రంగులు వేయించే ముందు మాత్రం ఒక పని చేయండి. మీ పరదా అంచు కుట్టు కొంచెం విప్పండి. అసలు రంగు ఆ మడతలో ఉంటుంది. ఆ ముక్క పట్టుకుని షాపుకెళ్లి, అందులో అన్నిటికన్నా నెమ్మదైన రంగు కలపమనండి. దారిలో దర్జీ దగ్గర ఆగి, పడమటి కిటికీ కొలతలిచ్చి, లైనింగుకి కోరాగుడ్డ చెప్పండి. నానబెట్టి కుట్టమని కూడా చెప్పండి.